నిలబెట్టి పెట్టే ముద్ద

పాత దుప్పట్లు ఇచ్చి వచ్చేద్దామని వెళ్లాను, కుక్కని తెచ్చుకుందామని కాదు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా ఒళ్లో కుక్క ఉంది. ఇచ్చిన దుప్పట్లలో ఒకటి దాన్ని చుట్టడానికి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే దారిలో, ఊరు దాటాక, ఒక రేకుల షెడ్డు ఉంది. కాలేజీలో చదువుకునే పిల్లలు కొందరు కలిసి, దెబ్బలు తగిలిన వీధికుక్కల్ని అక్కడ పెట్టి చూసుకుంటారు. వాళ్లకి దుప్పట్లు కావాలని మా బ్యాంకులో ఎవరో అంటే, బీరువాలో చోటు ఖాళీ అవుతుంది కదా అని బయలుదేరాను. అక్కడ కాలు పోయినవి ఉన్నాయి, కన్ను పోయినవి ఉన్నాయి, అయినా అన్నీ మహా హుషారుగా నా చీరకుచ్చిళ్లు లాగుతున్నాయి. ఒక్కటి మాత్రం గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. గోధుమరంగు ఆడపిల్ల. ఇంకా ఏడాది నిండినట్టు లేదు. డొక్కలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి, చెవులు మాత్రం బాగా పెద్దవి.

"దీనికేమైంది?" అన్నాను అక్కడున్న అమ్మాయితో.

"తిన్నదంతా బయటికొచ్చేస్తుంది దీదీ. ఇద్దరు పెంచుకుంటామని తీసుకెళ్లారు. ఇల్లంతా పాడుచేస్తోందని ఇద్దరూ తెచ్చి దింపేశారు."

నాకు పెళ్లయింది, తర్వాత విడిపోయాం. ఆ కథ ఇక్కడ అనవసరం. కానీ తీసుకెళ్లి మళ్లీ తెచ్చి దింపెయ్యడం అన్న మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఇద్దరూ ఎదురుగా ఉంటే నాలుగు కడిగేసి ఇంటికి పోయేదాన్నేమో. వాళ్లు లేరు, కుక్క ఉంది. "ఇటివ్వండి," అన్నాను.

మా ఇంట్లో ఉండేది నేనూ మా మేనత్తా. అత్త మా నాన్నకి అక్క. బరంపురం తెలుగు బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైంది. నాకంటే తెలివైనది కనుక అసలు పెళ్లే చేసుకోలేదు. బడిలో పుస్తకంలో ఉన్న తెలుగు మాట్లాడేదట, ఇంటికొచ్చి చెప్పులు విప్పితే మా తెలుగు. మనిషి ఎవరైనా సరే, గుమ్మంలోకి వస్తే అత్త చూసేది ముందు పొట్ట, తర్వాత మొహం. చికిటి వైపు నుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ మా అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి తినకుండా ఎప్పుడూ గంప ఎత్తుకోలేదు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికీ అంతే. భోజనంలో చాలంటే ఆవిడ లెక్కలోకి తీసుకోదు, కంచానికి చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డిస్తుంది. "అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా అత్తా," అని నేను ఆటపట్టిస్తే, "అమ్మ సంగతి నాకు తెలవదు, నేనైతే పెడతాను," అనేది.

అలాంటి మనిషి ముందు ఆ ఎముకల గూడుని దించాను.

"ఓలమ్మ!" అంది అత్త. "ఏటే ఇది? ఎన్నాళ్లై తిన్లేదే ఈ గుంట?"

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఇక దానికి వేరే పిలుపు పెట్టలేదు. నేను స్నానం చేసి వచ్చేలోపు అత్త పాలన్నం కలిపి పెట్టేసింది, గుంట గిన్నె నాకేసింది. అత్త మొహం వెలిగిపోతోంది. కాసేపటికి గుంట లేచి, రెండడుగులు వేసి, తల వంచింది. దగ్గూ లేదు, డోకూ లేదు. లోపలికి వెళ్లిన అన్నం వెళ్లినట్టే, మెతుకు మెతుకుగా, బయటికి జారిపోయింది. నేల పాడైందని అత్త ఒక్క మాట అనలేదు. ఆ మెతుకుల్ని చూస్తూ నిలబడిపోయింది. "నా అన్నం ఒద్దంటోందే," అంది చివరికి.

మర్నాడు పశువుల ఆసుపత్రికి నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. డాక్టరు ఒడియా మనిషి. ఉద్యోగం మొదట్లో చికిటి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగాడట, అక్కడి రైతుల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనది. సూటూ బూటూ వేసుకుని పొలం గట్టు మీద మనిషిలా మాట్లాడతాడు. ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది, ఆ రోజు రాలేదు. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించాడు.

"ఇదిగో మేడమ్, గొంతు కాడి నుంచి కడుపులోకి అన్నం దిగే గొట్టం. సన్నగుండాల. దీనిది సాగిపోయి సంచైపోనాది. మనం మింగితే గొట్టమే తోసుకుంటా కిందకి దింపుతాది. దీనికా సత్తువ లేదు. పుట్టుకతో వచ్చినాది, మందుకి పోదు."

"మరి ఎలా బతుకుతుంది?"

"నిలబెట్టి పెట్టాల. మనిషి కూకున్నట్టు కూకోబెట్టి, మూతి పైకెత్తి, గట్టి ముద్దలు సేసి పెడితే బరువుకి అవే జారతాయి. తిన్నాక ఓ పావుగంట అలగే నిలువుగా ఉంచాల. రోజుకి నాలుగుసార్లు, టికే టికే," అని వేలికొనతో కొంచెం చూపించాడు. "కొన్ని కుక్కలకి పలచటిదే పడతాది. దీనికి పడదు, ఇందాక పట్టించి సూసేను. పలచటిది ఊపిరితిత్తుల్లోకి పోతే పేణం పోతాది. నీళ్లు కూడా ఒద్దు. చైనా గ్రాస్ ఏసి గడ్డకట్టించి ముక్కలెట్టండి. బుఝిలే?"

"అర్థమైంది. ఎన్నాళ్లు?"

"బతికున్నన్నాళ్లూ," అన్నాడు.

మా వీధి వడ్రంగి చేత ఒక నిలువు పెట్టె చేయించాను. లోపల గుంట వెనక్కి ఆనుకుని కూర్చుంటే ముందుకాళ్లు ఒక పలక మీదికి వస్తాయి. మొదటిరోజు పెరటి గోడ మీంచి పక్కింటి ఒడియా ఆవిడ తొంగి చూసి, మీ కుక్క రథమెక్కిందే, మేము తాళ్లు లాగాలా అంది. లాగొచ్చు గానీ ముందు కొబ్బరికాయ కొట్టమన్నాను. అన్నం మెత్తగా ఉడికించి, కోడిమాంసమో గుడ్డో కలిపి రుబ్బి, పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టేవాళ్లం. పొద్దున్నా రాత్రీ నావి, మధ్యాహ్నం సాయంత్రం అత్తవి, ఎందుకంటే నేను బ్యాంకులో ఉంటాను. తిన్నాక నిలబెట్టే ఆ పావుగంటా అత్త గడియారం చూడదు, ఎక్కాలు చెబుతుంది. రెండో ఎక్కం దగ్గర మొదలుపెట్టి పైకి పోతుంది. గుంట పెద్ద చెవులు రెండూ ముందుకి పెట్టి, బడికి కొత్తగా వచ్చిన పిల్లలా వినేది.

కక్కడం దాదాపు ఆగింది. డొక్కల మీద కొంచెం కండ పట్టింది. నాకు చాలా గర్వంగా ఉండేది. అత్తకి మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉండేది.

"ఇంతేనేటే? పిట్ట తిండి. సూడు, ఇంకా కావాలంటోంది."

"డాక్టరు అంతే పెట్టమన్నారు అత్తా."

"డాక్టరుకేటి, ఆయన ఆసుపత్రిలో ఉంటాడు. నన్ను కదా ఇది కళ్లెట్టుకు సూస్తాది."

నేను విసుక్కునేదాన్ని. ఆవిడ ఊరుకునేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదే," అని మాత్రం ఒకసారి అంది, అదీ నవ్వుతూనే.

ఎండాకాలం వచ్చింది. మా గంజాంలో ఎండంటే వట్టి వేడి కాదు, సముద్రం తేమ కూడా కలిసి మనిషిని ఉడకబెడుతుంది. మధ్యాహ్నం వీధిలో పురుగు కూడా కనిపించదు. ఆ రోజుల్లో ఊరు ఊరంతా బతికేది రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం మీద. ఒడియావాళ్లు పఖాళ అంటారు, మేము చద్దన్నం అంటాం. దాని మీద తేరిన పుల్లటి తేట వాళ్లకి తొరాణి, మాకు తరవాణి. వంటింటి మూల తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో అత్త తరవాణి ఎప్పుడూ ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి దంచి, నిమ్మాకు నలిపి వేస్తుంది. వడదెబ్బకి అదే, కడుపులో మంటకి అదే, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉంటే అదే. నేను బ్యాంకు నుంచి ఎవరితోనో దెబ్బలాడి ఇంటికొస్తే నా కోపానికీ అదే. మా ఇంట్లో ఎవరూ దాన్ని నీళ్లు అనుకోరు. నేనూ అనుకోలేదు. డాక్టరు చెప్పినవన్నీ అత్తకి వచ్చి చెప్పాను. నీళ్లు వద్దన్నాను, పాలు వద్దన్నాను, పులుసు వద్దన్నాను. తరవాణి పేరెత్తాలని నాకు తట్టలేదు.

ఒక సాయంత్రం నేను గేటు తీస్తే గుంట ఎదురు రాలేదు. వరండాలో మెడ ముందుకి చాచి, మోచేతులు పక్కలకి పెట్టి పడుకుని ఉంది. డొక్కలు గబగబా ఎగిసిపడుతున్నాయి. ముట్టుకుంటే చెవులు కాలిపోతున్నాయి. చిన్నగా, తడిగా ఒక దగ్గు దగ్గింది. అత్త పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"నువ్వెళ్లిన కాడి నుంచీ ఇలగే ఉన్నాదే. ఎండకనుకున్నాను," అంది.

ఆటో పిలిచాను. ఆ రోజు అత్త కూడా వచ్చింది. దారంతా దాన్ని ఒళ్లో నిలువుగా ఎత్తి పట్టుకుని కూర్చుంది.

డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మళ్లీ ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తుల్లో తెల్లగా పొగలాంటిది కనిపించింది.

"లోపలికి దిగిపోనాది మేడమ్. నిమోనియా. పలచటిది ఏటైనా పట్టేరేటి?"

నాకు చర్రున కోపం వచ్చింది. "ఏమనుకుంటున్నారు మీరు మా గురించి? చైనా గ్రాస్ ముక్కలు తప్ప దాని నోట్లో చుక్క నీళ్లు పడలేదు. మీరు చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాం. పెట్టె చేయించాను, తూకం వేసి ఉండలు చేస్తున్నాను…"

"తరవాణి," అంది వెనక నుంచి అత్త.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పలక మరిచిపోయి బడికొచ్చిన పిల్లది మాట్లాడినట్టుంది.

"రోజూ మద్దేనం చిన్న గిన్నెడు. తేటే బాబూ. అల్లం లేదు, మిరపకాయ లేదు, ఉప్పు కూడా ఎయ్యలేదు. నిలబెట్టే పోసేను. ఎండలో గొంతెండిపోయి నా మొహంలోకి సూస్తాంటే ఎంతకని సూడమంటారు? నీళ్లు ఒద్దన్నారు గానీ, తరవాణి నీళ్లేటి? ఒక్క సుక్క కక్కలేదు బాబూ. పెట్టిందేదీ కక్కలేదు. నెమ్మదించిందనుకున్నాను. ఇంకో నాల్రోజులు సూసి దీనికి సెప్దామనుకున్నాను." దీనికి అంటే నాకు.

డాక్టరు ఎక్స్‌రే కిందకి దించాడు. "కక్కితే బాగుండును మౌసీ," అన్నాడు నెమ్మదిగా. "పైకి రాలేదంటే పక్కకి పోనాది." తర్వాత, మందులు రాసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మా యమ్మయినా అదే పట్టును," అన్నాడు.

ఇంజెక్షన్లు చేసి, రోజూ తీసుకురమ్మని పంపించాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తిట్టవే," అంది. "ఊరందర్నీ తిడతావు కదా. నన్ను తిట్టు."

మా బ్రాంచిలో మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర గార్డు దాకా నా నోటికి భయపడతారు, ఆ పూట ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. తప్పు ఎవరిదో వెతికాను. దాహంతో ఉన్నదానికి తను ఎరిగిన అన్నిటికంటే మంచిది పట్టింది మా అత్త. నాకు జాలి వేసింది, ఆ జాలి తట్టుకోలేక వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. నేను మాట్లాడకపోవడం ఆవిడకి తిట్టు కంటే ఎక్కువ తగిలిందని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్న వంటింటి మూల కుండ లేదు. కడిగి పెరట్లో బోర్లించేసింది. నడి ఎండాకాలంలో మా ఇంట్లో తరవాణి లేదంటే పక్కింటావిడ నమ్మక రెండుసార్లు అడిగింది, కావాలంటే మా కుండలోది పంపిస్తానంది. అత్త తల అడ్డంగా ఊపింది. కూరగాయలావిడ వచ్చింది, బెండకాయలు తూచింది, అరుగు మీద కూర్చుని కాసేపు ఎదురుచూసింది. అత్త బయటికి రాలేదు. గంప ఎత్తుకుంటూ ఆవిడ, "అమ్మగారికి ఒంట్లో బాగోలేదేటమ్మా?" అని నన్నడిగింది. అవునన్నాను. రాత్రి భోజనం దగ్గర నేను అలవాటుగా కంచానికి చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాను. అత్త గరిటె వెనక్కి తీసేసుకుంది. అంత చేదు అన్నం నేనెన్నడూ తినలేదు.

గుంట ఉన్న గదిలోకి అత్త రావడం మానేసింది. నేను బ్యాంకుకి సెలవు పెట్టి దాని దగ్గరే కూర్చున్నాను. ఆవిరి పట్టాలి, తర్వాత అరచెయ్యి దోసిలిలా వంచి డొక్కల మీద రెండు పక్కలా తట్టాలి, కఫం కదలాలని. నేను తడుతుంటే తలుపు అవతల అత్త నీడ కనిపించేది. పిలిస్తే నీడ వెళ్లిపోయేది.

మందులు పనిచేశాయి. జ్వరం దిగింది, ఊపిరి నెమ్మదించింది. కానీ గుంట తినడం మానేసింది. ఉండ మూతి దగ్గర పెడితే తల పక్కకి తిప్పేసుకునేది. నోరు తెరిచి లోపల పెడితే మింగేది కాదు, కాసేపటికి పలక మీద వదిలేసేది. కోడి కార్జం పెట్టాను, గుడ్డు పచ్చసొన పెట్టాను, గోపాల్‌పూర్ నుంచి వచ్చిన తాజా చేప ముల్లు తీసి పెట్టాను. బతిమాలాను, కసిరాను, ఏడ్చాను కూడా. మళ్లీ డొక్కలు లెక్కపెట్టుకునేలా అయింది.

"ఊపిరితిత్తులు బాగుపడతన్నాయి," అన్నాడు డాక్టరు. "తినకపోతే మందేటి సేస్తాది? రేపటికి ఏటైనా దిగిందా సరే. లేదంటే భువనేశ్వర్ తీసుకెళ్లి కడుపులోకి గొట్టం ఎయ్యించాల. మత్తు ఇవ్వాల. ఈ ఒంటితో ఆ మత్తు తట్టుకుంటాదని నేను సెప్పలేను మేడమ్."

ఇంటికొచ్చి దాన్ని పెట్టెలో కూర్చోబెట్టి మళ్లీ ప్రయత్నించాను. తల తిప్పేసింది. ఈసారి అది ఎటు తిప్పిందో చూశాను. తలుపు వైపు. వంటింట్లో గిన్నె చప్పుడైతే ఆ పెద్ద చెవులు రెండూ అటు తిరిగాయి, చప్పుడు ఆగితే వాలిపోయాయి. ఇన్నాళ్లూ నేను నా చేతిలో ఉన్నదేమిటో మారుస్తూ వచ్చాను గానీ, అది అడుగుతున్నది వేరే చెయ్యిని.

అత్త తన గదిలో మంచం మీద కూర్చుని ఉంది. చెప్పాను. డాక్టరు అన్నదీ చెప్పాను, గుంట ఎటు చూస్తోందో అదీ చెప్పాను.

"నా సేత్తో ఒద్దే," అంది. "ఈ సెయ్యి మంచిది కాదు. అంతమందికి పెట్టేను, ఎవరికేటి పట్టేసేనో ఎవలికి తెలుసు."

"అలగంటావేటి అత్తా? దాని ఊపిరి తీయబోయింది పలచటిది, నీ సెయ్యి కాదు."

"నువ్వే పెట్టు. లేకపోతే ఆ గొట్టమే ఎయ్యించు. నన్నొగ్గీ."

అప్పుడు వచ్చింది నా కోపం. ఆటోలో రానిది, అన్నాళ్లూ రానిది, అంతా ఒక్కసారి వచ్చింది. "తిట్టమన్నావు కదా, తిడతాను విను. తరవాణి పోసినందుకు తిట్టను. ఇప్పుడిలగ గదిలో కూకున్నందుకు తిడతాను. ఆ గుంట ఆకలితో సచ్చిపోతోంది, నీకోసం చెవులు రిక్కించుకుని కూకుంది, నువ్విక్కడ నీ సెయ్యి సూసుకుంటన్నావు! ఇద్దరు తెచ్చి దింపేసేరు దాన్ని. మూడోదానివి నువ్వవుతావేటి? లెగు!"

గోడ అవతల పక్కింటివాళ్లు టీవీ ఆపేశారు, అంత గట్టిగా అరిచాను. అత్త నన్ను చూసింది. కళ్లనిండా నీళ్లున్నాయి, కానీ మొహంలో ఏదో వదులైంది. ఎవరో తన బాకీ తీర్చినట్టు ఒక నిట్టూర్పు విడిచింది. లేచి పెరట్లోకి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుంది.

గుంట బతికిందా లేదా అన్న బెంగ చదివేవాళ్లకి ఎందుకు, బతికింది. ఇప్పుడు, ఇది రాస్తుంటే, పెరట్లో పక్కింటి పిల్లిని తరుముతోంది. నాకు రాయాలని ఉన్నది ఆ సాయంత్రం గురించి.

అత్త పెట్టె దగ్గరికి వెళ్లలేదు. గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని, కాళ్లు చాపి, గుంటని తెమ్మంది. తెచ్చి ఒళ్లో పెట్టాను. దాని వీపు తన గుండెకి ఆనించుకుని, ముందుకాళ్లు తన ఎడమచేతి మీద వేసుకుని నిలువుగా పట్టుకుంది. దానికి తల నిలిపే ఓపిక కూడా లేదు. అయినా తోక రెండుసార్లు అత్త మోకాలి మీద కొట్టుకుంది.

"ఓలే గుంటా," అంది అత్త. "ఎలగైపోయేవే."

ఉసిరికాయంత ఉండని అత్త చిదిపి సగం చేసింది, అందులోనూ సగం చేసింది. మూతి దగ్గర పెట్టింది. గుంట వాసన చూసింది, అన్నాన్ని కాదు, ముందు అత్త వేళ్లని. తర్వాత నాలుకతో ఆ ముక్కని అందుకుంది. గొంతు కదిలింది. నేను దాని గొంతు వైపే చూస్తున్నాను, అత్త నా మొహం వైపు చూస్తోంది, దిగిందా లేదా అని. దిగింది. రెండో ముక్క, మూడోది, నాలుగోది. ఒక ఉండ పూర్తయింది. మొదటిసారికి అంతే పెట్టమన్నాడు డాక్టరు, పొట్ట ఇన్నాళ్లూ ఖాళీగా ఉంది, ఎక్కువైతే మళ్లీ పైకి వస్తుందని.

ఒక ఉండ పడేసరికి గుంటకి ఆకలి గుర్తొచ్చింది. మూతి నాక్కుంది. మెడ వెనక్కి వంచి కింది నుంచి అత్త మొహంలోకి చూసి సన్నగా మూలిగింది. ఆ మూలుగుకి అర్థం చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. పక్కనే పళ్లెంలో ఇంకా ఉండలున్నాయి. నేను పళ్లెం తీసుకెళ్లి వంటింట్లో గట్టు మీద పెట్టి వచ్చాను. గుంట కళ్లు పళ్లెం వెంట వెళ్లి మళ్లీ అత్త దగ్గరికే వచ్చాయి. మళ్లీ మూలిగింది, ఈసారి కొంచెం పెద్దగా.

అత్త పెదవులు బిగబట్టింది. బుగ్గల మీంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కాళ్లు ముడుచుకోబోయి మళ్లీ చాపింది.

"ఇలా రావే," అంది నాతో. "నా పక్కన కూకో. నన్ను లెగనియ్యకు. లెగిస్తే పెట్టేస్తాను."

వెళ్లి ఆవిడ భుజానికి భుజం ఆనించి కూర్చుని, కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాను. గుంట మూలిగినప్పుడల్లా ఆ చెయ్యి వంటింటి వైపు లాగేది. పావుగంట అయ్యేదాకా నేను వదల్లేదు.